ఎర్త్ లేని ఇంట్లో మా అత్తగారు

మా అత్తగారు పోయారు. సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "కొంచేపు పడుకుంటా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. టిఫినుకు లేపుదామని నేను వెళ్ళేసరికి ఇక లేరు. ఇంత సుఖమైన చావు ఎందరికి దొరుకుతుందని వచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. వీధి చివరికి కొత్తిమీర కట్ట కోసం వెళ్ళినా చెప్పి వెళ్ళాలని ఇన్నేళ్ళూ నన్ను సాధించిన మనిషి, తాను మాత్రం మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మాది బెంగళూరు పాతపేటలో పట్టుచీరల వ్యాపారం. అంగడి అంటే అద్దాల షోరూము అనుకోకండి. ఇంటి ముందు హాలే మా అంగడి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, గోడ పొడుగునా చెక్క బీరువాలు, మధ్యలో కూర్చుని చీరలు విప్పి పరిచే మా ఆయన. వెనక రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు, ఇదే మా ఇల్లు. ఇంట్లో తెలుగు, బేరానికి కన్నడం, తిట్టుకోవడానికి రెండూ. మామగారు పోయాక కూడా అత్తగారు రోజూ పొద్దున బీరువాల తాళాలు తానే తీసేవారు. ఏ చీర ఏ అరలో ఉందో మా ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు.

ఆమెకు బల్లులన్నా, అప్పులవాళ్ళన్నా, పన్ను ఆఫీసువాళ్ళన్నా భయం లేదు. భయమల్లా కరెంటంటేనే. హాల్లో స్విచ్చుల పలక కింద ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. అవి నడవడానికి కావు. దీపం వేయాలంటే పైటకొంగుతో చేయి తుడుచుకుని, ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, అప్పుడు స్విచ్ నొక్కేవారు. చీరలు చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. ఆమె వాళ్ళ వంక ఒక చూపు చూసి, "కరెంటుకి కండ్లు ల్యావు. మనకుండాయి కదా, మనమే చూసుకోవాల" అని తన పనిలో పడేవారు.

నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, స్నానానికి వెళ్తే చాలు, బాత్రూము తలుపు బయట అత్తగారు నిలబడి ఉండేవారు. నేనెన్ని చెంబుల నీళ్ళు పోసుకుంటున్నానో కాపలా కాస్తున్నారనుకుని మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. అసలు సంగతి, గీజరు స్విచ్ ఆపిన చప్పుడు వినపడేదాకా ఆమె అక్కడి నుంచి కదిలేవారు కాదు. మిక్సీ దగ్గర తడి చేతులతో కనిపించానో, ఆ పూట నాకు అన్నంతోపాటు తిట్లు కూడా వడ్డించేవారు. ఎందుకింత భయమని ఎవరు అడిగినా చెప్పేవారు కాదు. ముసలామె చాదస్తమని మేమూ అడగడం మానేశాం.

ఇప్పుడు దీపాల సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మా ఇంటి వైరింగు మామగారి తండ్రి వేయించినది. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద పక్కపక్కనే పోయే రెండు తీగలు, నల్లటి గుండ్రని స్విచ్చులు. మూడో తీగ అన్నది ఆ ఇంట్లో ఎక్కడా లేదు. ఆ మూడో తీగనే ఎర్త్ అంటారు. దీపానికో, పెట్టెకో ఉన్న లోహపు ఒంటికి లోపలి కరెంటు తగిలితే, అది ఆ తీగ పట్టుకుని నేలలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. తీగ లేకపోతే ఆ లోహం కరెంటుతో అలాగే కాచుకుని కూర్చుంటుంది, ఎవరైనా వచ్చి ముట్టుకునేదాకా. పాత రోజుల్లో హాల్లో ఉన్నవి పింగాణీ హోల్డర్లు, గాజు బల్బులు. వాటికి లోహపు ఒళ్ళు లేదు కనుక అంతకాలం గండం తెలియలేదు.

కానీ ఆ బల్బుల వెలుతురులో చీర రంగు తెలిసేది కాదు. నెమలికంఠం నల్లగా, అరటిపువ్వు రంగు గోధుమగా కనిపించేవి. వచ్చినవాళ్ళు చీరను వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో చూసేవారు. అలా బయటికి వెళ్ళినవాళ్ళకు ఎదురు వరుసలోని పెద్ద షోరూము కనిపించేది. చీర మాకు తిరిగి ఇచ్చి అటు నడిచేవారు. ఇలా జరిగిన ప్రతిసారీ మా ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. చివరికి ఆయన మూడు ఇత్తడి దీపాలు కొనుక్కొచ్చారు. గొలుసులతో కిందికి వేలాడేవి, మనిషి నిలబడి చేయి ఎత్తితే అందేంత ఎత్తులో పరుపు మీదికి తెల్లటి వెలుతురు పోసేవి.

మా వీధి ఎలక్ట్రీషియను వాటిని తగిలిస్తూ, ఒక్కో దీపంలోంచి వచ్చిన మూడో తీగను, పచ్చదాన్ని, వేళ్ళమధ్య పట్టుకుని ఆగాడు.

"అన్నా, ఈ ఇంట్లో ఎర్తింగ్ లేదు కదా. దీన్ని యాడ కలపాల?"

"కలిపేదానికి చోటే లేకపోతే కట్ చేసి టేపు వేసేయప్పా," అన్నారు మా ఆయన.

"ఇత్తడి దీపాలన్నా ఇవి. ప్లాస్టిక్‌వి అయ్యుంటే పరవాలేదు. వీటికి ఎర్త్ కావాల."

"మా తాత కాలం నుంచి ఇట్లనే ఉండాది. ఎవరికేమయింది? ఈ పండగకు దీపాలు వెలగాల, అంతే."

అతను నా వంక చూశాడు. నేను మా ఆయన వంక చూశాను. పచ్చ తీగలు మూడూ కట్ అయ్యాయి. వెళ్తూ వెళ్తూ, "నేను చెప్పాల్సింది చెప్పినా" అన్నాడు. ఈ మాటలన్నీ వంటింటి గడప దగ్గర నిలబడి అత్తగారు విన్నారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, పలక మీది హాలు ఫ్యూజును, ఆ తెల్ల పింగాణీ ముక్కను, ఊడబెరికి బొడ్లో దోపుకుని వెళ్ళి బియ్యం ఏరుతూ కూర్చున్నారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. హాలు చీకటి. మా ఆయన అడిగారు, బతిమాలారు, అరిచారు. "అంగడి మూసుకోమంటావా?" అన్నారు. "మూసుకో" అన్నారామె. "ఆ పచ్చ తీగకు దోవ చూపించి రా, ఇస్తా." ఇల్లంతా తీగ లాగాలంటే గోడలు పగలగొట్టాలని, పండగ ముందు అది కాదని ఆయన. పండగ పోతే ఇంకోటొస్తుందని ఆమె. తల్లీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసి నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. "మీ అత్తకు చెప్పు." "నీ మొగునికి చెప్పు." మధ్యలో నేను రోట్లో పప్పులా నలిగిపోయాను. నిజం చెప్పాలంటే నా మనసు మా ఆయన వైపే ఉంది. అంత ఖర్చుపెట్టి తెచ్చిన దీపాలు దండగ్గా వేలాడుతుంటే కడుపు మండేది.

ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆ పండగ ఎలా చేస్తారో తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు. కత్తెర, కొలకడ్డీ, త్రాసు, స్కూటరు, మిక్సీ, ఇంట్లో పనిచేసే వస్తువన్నదాన్ని తడిగుడ్డతో తుడిచి గంధం పూసి కుంకుమ పెట్టాలి. పెట్టేది ఇంటి ముత్తైదువ. అంటే నేను. తలంటుకుని, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పరుపులు ఎత్తేసి హాలంతా కడిగాను. ఎర్రటి గచ్చు మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. కుంకుమ భరిణె, గంధం గిన్నె పట్టుకుని వచ్చేసరికి హాలు పెళ్ళిల్లులా ధగధగలాడుతోంది. మా ఆయన బజారు నుంచి కొత్త ఫ్యూజు తెచ్చి, తల్లి పెరట్లోకి వెళ్ళిన అదను చూసి పెట్టేశారు.

ఆ వెలుతురు ఎంత బాగుందో! బీరువాలోని నెమలికంఠం చీర నెమలికంఠంలాగే ఉంది. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు చూశాను. "ముందు నడి దీపానికి పెట్టు" అన్నారు. నేను గంధంలో వేలు ముంచాను.

సరిగ్గా అప్పుడే అత్తగారు మామిడాకులు పట్టుకుని పెరటి తలుపులోంచి వచ్చారు. దీపాల వంక చూశారు. ఆమె చేయి బొడ్డు దగ్గరకు పోయింది. ఫ్యూజు అక్కడే ఉంది. ఇంకేముంది, ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. ఆమె అరవలేదు. మామిడాకులు గూట్లో పెట్టి, "నువ్వు ఆగు" అన్నారు నాతో, చాలా మెల్లగా.

"ఏమప్పా, పచ్చ తీగ యాడన్నా కలిపిచ్చినావా?"

"లేదు. ఏం కాదులేమ్మా. చూస్తా ఉండావు కదా, బాగా వెలుగుతా ఉండాయి."

"ముట్టి చూసినావా?"

ఆయన స్విచ్చుల పలక వైపు తిరిగి, "దీపాన్ని ముట్టే పనేముండాది? వెలుతురు చూసుకునేదానికి కదా అది" అన్నారు.

"ఈ దినం ముట్టే దినం కదప్పా."

అంటూ వచ్చి నా చేతిలోంచి కుంకుమ భరిణె తీసుకున్నారు. మామగారు పోయినప్పటి నుంచి ఆమె కుంకుమ ముట్టలేదు. పేరంటాల్లో భరిణె ఎదురైతే పక్కకు తప్పుకునే మనిషి. "అత్తా, నువ్వు..." అన్నాను. "సుమ్నె ఉండు" అని కన్నడంలో నన్ను ఊరకుండమని, పూజకు కడిగినట్టే చెంబులో చేతులు కడుక్కున్నారు. తుడుచుకోలేదు. నా కళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. చెప్పులు అక్కడే, పలక కిందే ఉన్నాయి. ఆమె తడి గచ్చు మీద ఒట్టి కాళ్ళతో నడుస్తూ నడి దీపం కిందికి వెళ్ళారు.

"ఏం కాదంటివి కదా నాయనా. నీ మాట మీద ముడతాండా."

"అమ్మా, పండగ పూట ఏం గలాటా ఇది?"

"గలాటా యాడుండాది? బొట్టు పెడతాండా."

కుంకుమలో వేలు అద్దుకుని చేయి ఎత్తారు. ఆమె పొట్టి మనిషి. మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. ఆపుదామని ఒక అడుగు వేశాను, ఎడమ చేత్తో నన్ను వెనక్కి నెట్టారు. కుంకుమ పొడి ఆమె ముంజేతి మీద రాలుతోంది. చూపు దీపం మీదే ఉంది. కొడుకు వైపు ఒక్కసారి కూడా తిప్పలేదు.

"ఉండమ్మా," అన్నారు మా ఆయన.

వేలు ఆగలేదు.

"అమ్మా! ఉండు! ఉండు!"

టప్పుమని చప్పుడైంది. హాలు చీకటైపోయింది. మా ఆయన మెయిన్ స్విచ్చుకు రెండు చేతులతో వేలాడుతున్నారు. పరుగెత్తిన మనిషిలా రొప్పుతున్నారు. అత్తగారు మునివేళ్ళ మీద నుంచి దిగారు. వేలికి కుంకుమ అలాగే ఉంది.

"యాల ఆపితివి?" అన్నారు.

"ఏమో," అన్నారాయన. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

మమ్మల్నిద్దరినీ గడప అవతలికి పంపి, తల్లి చెప్పుల్లో తన పాదాలు ఇరికించుకుని, టెస్టరు తెచ్చి మెయిన్ మళ్ళీ వేశారు. మొదటి దీపానికి ఆనించారు, ఏమీ లేదు. మూడో దానికి ఆనించారు, ఏమీ లేదు. నడి దీపం ఇత్తడికి ఆనించగానే టెస్టరులో ఎర్రటి చుక్క వెలిగింది. ఆయన తీసి, మళ్ళీ ఆనించారు. మళ్ళీ వెలిగింది. తర్వాత ఎలక్ట్రీషియను విప్పి చూపించాడు. గొలుసు కొక్కెం దగ్గర తీగ నలిగి, పైతొడుగు చిట్లి, రాగి ఇత్తడికి ఆనుకుని ఉంది.

ముందు నడి దీపానికి పెట్టమని నాతో అన్న మాట ఆయనకు గుర్తొచ్చిందో ఏమో, గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు.

అత్తగారు గెలిచినట్టు మొహం పెట్టలేదు. భరిణె నా చేతిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నారు. బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. మా ఆయన వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డారు. అప్పుడు చెప్పారు, మొదటిసారి.

"నాకొక తమ్ముడుండె. దొడ్డబళ్ళాపురంలో మా నాయన మగ్గాల షెడ్డు. మగ్గం మీద ఇనుప రేకు దీపం. వానాకాలం. నేల చెమ్మ. దారం తెగిందని వంగి చూస్తా, దీపం పక్కకు నెట్టినాడు. చెయ్యి దానికే అంటుకుండిపోయింది. మేము పరిగెత్తి పోయేతలికి..." ఆగి, నోరు తుడుచుకున్నారు. "ఆ దీపం కూడా బాగా వెలుగుతా ఉండె అప్పా. వాడు పోయినంక కూడా వెలుగుతానే ఉండె."

తనకో మేనమామ ఉండేవాడని మా ఆయనకు అంతవరకూ తెలియదు.

పండగ పోగానే పెరట్లో గొయ్యి తవ్వారు. బొగ్గు, ఉప్పు వేసి రాగి పలక పాతారు. గోడలు గీకి, ఆ పలక నుంచి ప్రతి దీపానికీ మూడో తీగ లాగారు. కరెంటు ఎక్కడ కారినా క్షణంలో అంతా ఆపేసే స్విచ్ కూడా పెట్టించారు. ఇల్లంతా సున్నం పొడి, దగ్గులు, నా చాకిరీ. అత్తగారు కుర్చీ వేసుకుని ఎలక్ట్రీషియను వెనకే తిరిగారు. "అది పోయేదానికి ఒక దోవ చూపిస్తే మన జోలికి రాదు. దోవ లేకపోతే మన ఒళ్ళే దోవ చేసుకుంటాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. పని ముగిసి మూడు దీపాలూ వెలిగిన రోజున, నడి దీపం కింద నిలబడి, ఇత్తడి మీద అరచేయి మొత్తం ఆనించి, జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు ఉంచారు. తర్వాత వెళ్ళి పప్పుకు తాలింపు వేశారు.

ఆ తర్వాత వ్యాపారం కుదురుకుంది. చీరలు వీధిలోకి పోవడం తగ్గింది. ఆయుధపూజకు దీపాల బొట్టు మాత్రం ప్రతి ఏడూ ఆమే పెట్టారు. చుట్టాల్లో ఒకరిద్దరు మొహం చిట్లించారు. "ఏమంటారో నా ముందర అనమను" అన్నారు. ఎవరూ అనలేదు.

ఒక చలికాలం పొద్దున ఇద్దరం వంటింట్లో కూర్చుని నానిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతున్నాం. నాకు లోపల చాలాకాలంగా ఉన్న మాట అడిగేశాను.

"అత్తా, ఆ పొద్దు ఆయన ఆపకుండా ఉండింటే, నిజంగా ముట్టేదానివా?"

ఆమె పితుకుతూనే ఉన్నారు. "ముట్టేదాన్ని. నేను ముట్టకపోతే నీతో పెట్టిచ్చేవాడు కదా."

"నీ కొడుకు ఆపుతాడని తెలిసే కదా పోయింది?"

"తెలీదే." గింజ చేతిలోనే ఆగింది. "అందుకే వాని మొగం చూడలేదు నేను. ఆపడని వాని కండ్లలో కనపడింటే, కరెంటు అక్కర్లేదు, ఆడనే పోయేదాన్ని." తర్వాత గొంతు మార్చి, "వానితో అనొద్దు. ఊరికే బేజారు పడతాడు" అన్నారు.

అనలేదు. నేను రాసినవి మా ఆయన చదవరు, చీరల బిల్లు తప్ప ఆయన ఏదీ చదవరు. ఆ ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను.

కర్మలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక, మొన్న సాయంత్రం అంగడి తెరిచాం. బేరాలు లేవు. ఇద్దరం చెరో కొస పట్టుకుని ఒక చీర మడత పెడుతున్నాం. ఉన్నట్టుండి ఆయన అడిగారు.

"అమ్మ నిజంగా ముట్టేదంటావా?"

"ఎందుకు ముడుతుంది?" అన్నాను. "మీరు ఆపుతారని ఆమెకు తెలుసు. నాతో చెప్పింది కూడా."

ఆయన తల ఊపారు.

"నేనూ అదే అనుకున్నా. చూసినావా ఆ పొద్దు, నా దిక్కు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. అంత నమ్మకం ఆమెకు నేనంటే."

ఆమె పోయిన సోమవారం నుంచి ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. అంచులు సరిగ్గా కలిశాయో లేదో చూస్తున్నట్టు నేను తల దించుకుని, నా చేతిలోని చీర కొసను ఆయన చేతికి అందించాను.